మిషన్‌కు కనబడని ప్రయాణికులు

రిటైరైన కండక్టరును ఎవరూ సలహా అడగరు. అడిగినా, ఫలానా బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందనే అడుగుతారు. మొన్న కామారెడ్డి బస్టాండులో చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద ఇద్దరు కాలేజీ పిల్లలు గట్టిగా వాదించుకుంటున్నారు. ఫోన్‌లో లక్షల మంది ఫాలోవర్లున్న మనిషి మాట నిజంగా చెల్లుతుందా చెల్లదా అన్నది వాళ్ల పంచాయితీ. చెల్లుతుందని ఒకడు, అంతా ఉత్తదేనని ఇంకొకడు. నాకు తెలిసింది చెప్పాలని నోటిదాకా వచ్చింది గానీ ఇంతలో నా బస్సు వచ్చేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ ఇద్దరూ దీన్ని చదివితే సంతోషమే, మీలో ఎవరు చదివినా సంతోషమే.

ముప్పై ఏళ్లకు పైగా పల్లె బస్సుల్లో టికెట్లు కొట్టినవాణ్ని. చివరి రెండేళ్లు కామారెడ్డి నుంచి తాడ్వాయి మీదుగా ఎల్లారెడ్డి పోయే పొద్దటి బస్సు నాది. అది దారిలో పెద్ద రోడ్డు దిగి, మూడు కిలోమీటర్లు లోపలికి పోయి, ఒక చిన్న పల్లెలో ఆగి, మళ్లీ రోడ్డెక్కేది. ఆ పల్లె పేరు రాయను. మగవాళ్లలో సగం మంది పని కోసం దూరపు ఊళ్లకు పోయి ఉండేవాళ్లు. మిగిలినవాళ్లకు మోటారు సైకిళ్లున్నాయి. మా బస్సెక్కేది ఆడవాళ్లే. ఇంటి దగ్గర బీడీలు చుట్టి, కట్టలు మూటగట్టుకుని, ఎల్లారెడ్డిలో కార్ఖానాకు ఇచ్చి, మళ్లీ తునికాకు, తంబాకు తెచ్చుకునేవాళ్లు. బీడీల పని లేని రోజు అంగడికో, ఆసుపత్రికో, కూలికో బయలుదేరేవాళ్లు. వాళ్లతో పాటు ఒక ఇంటర్ పిల్ల. ఆ ఊరి నుంచి కాలేజీకి పోయే ఆడపిల్ల ఆమె ఒక్కతే.

అప్పటికే ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైంది. ఉచితమంటే టికెట్ లేదని కాదు. ఆధార్ కార్డు చూపిస్తే మేము జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టాలి. ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కారో డిపోకు తెలిసేది ఆ టికెట్ల వల్లే. మిషన్‌లో కొట్టకపోతే ఆ మనిషి బస్సులో ఉన్నా లేనట్టే.

ఆ ఊళ్లో ఒక అవ్వ ఉండేది. డెబ్బై దాటినా రోజూ బీడీలు చుట్టేది. బీడీలు చుట్టేవాళ్లకు ప్రభుత్వమిచ్చే పింఛన్ ఆమెకు వచ్చేది. చేతికి గడియారం లేదు, ఫోన్ అసలే లేదు. పొద్దున ఆమె తలుపుకు తాళం వేసి మూట నెత్తిన పెట్టుకుందంటే, వెనకాల ఒక్కొక్క తలుపూ మూసుకునేది. బస్సు టైము ఊరంతటికీ ఆమె తాళం చప్పుడుతోనే తెలిసేది. మేం రెండు నిమిషాలు ముందు వచ్చినా, ఆమె రాకపోతే ఒక్కరూ ఎక్కేవాళ్లు కాదు.

ఉచిత టికెట్లు మొదలైన కొత్తలో ఆమెను కార్డు అడిగాను. ఆమె కొంగు ముడి గట్టిగా పట్టుకుంది.

"వద్దు బిడ్డా. గా మిషన్ల నా కార్డు వడ్డదనుకో, ముసల్ది రోజు ఊర్లు తిరుగుతున్నది, దీనికి బీడీల పింఛన్ ఎందుకని తీసేస్తరు."

"గట్ల తీసెయ్యరు అవ్వా. మిషన్‌కు నీ పేరు కూడ తెల్వది."

"నీకేం ఎరుక? పింఛన్ నీదా, నాదా?"

అంతే. ఆ మరునాటి నుంచి ఆ స్టేజీలో ఒక్క ఆడమనిషి కార్డు తీయలేదు. పింఛన్ రానివాళ్లు కూడా తీయలేదు, రేపు వచ్చేది పోతుందేమోనని. కొన్నాళ్లు పోట్లాడాను. తర్వాత మానేశాను. దారి గుంతలు, నిలబడితే మోకాళ్ల నొప్పి, అందరూ తెలిసినవాళ్లే. టికెట్ కొట్టినా సున్నాయే, కొట్టకపోయినా సున్నాయే కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. మా డ్రైవర్ నాకంటే పదేళ్లు చిన్నవాడు, నోరు ఊరుకోదు.

"అన్నా, చెకింగోళ్లు ఎక్కిన్రంటే నీ రిటైర్మెంటు సన్మానం ముందుగాల్నే అయితది" అనేవాడు.

చెకింగ్ వాళ్లు మా పొద్దటి బస్సు జోలికి ఎప్పుడూ రాలేదు. దాన్ని నా తెలివి అనుకున్నాను.

రిటైర్మెంటుకు ఇంకో ఏడు నెలలు ఉందనగా డిపో మేనేజర్ పిలిచాడు. వయసులో నా కొడుకంత వాడు, మాట మర్యాద గలవాడు. కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు.

"చూడండి. ఈ స్టేజీలో నెలంతా కలిపి పది టికెట్లు లేవు. రోజూ ఆరు కిలోమీటర్లు ఎవరి కోసం తిప్పుతున్నాం? వచ్చే నెల నుంచి లోపలికి పోవద్దు. పెద్ద రోడ్డు మీద ఆపండి, చాలు."

సార్, బస్సు నిండా జనమే, టికెట్లు నేనే కొట్టలేదు అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. ముప్పై ఏళ్లలో ఒక్క మెమో లేని సర్వీసు నాది, ఆఖర్లో దాన్ని మురికి చేసుకోవడం ఇష్టం లేకపోయింది. తల ఊపి బయటికి వచ్చాను. నా ఉద్యోగంలో నేను సిగ్గుపడే రోజు ఏదైనా ఉందంటే అదే.

వార్త ఊరికి చెప్పాల్సింది కూడా నేనే. చెప్పాను. ఆడవాళ్లు ముందు నమ్మలేదు, తర్వాత తిట్టారు, తర్వాత మూటలతో మూడు కిలోమీటర్లు ఎట్లా నడవాలని లెక్కలేసుకున్నారు. ఎల్లారెడ్డిలో దిగేటప్పుడు ఇంటర్ పిల్ల నా దగ్గర ఆగింది.

"సార్, బస్ బందయితే నన్ను కాలేజ్ మాన్పిస్తడు మా బాపు. తొవ్వ పొంట ఒక్కదాన్నే నడిచిపోవుడు వద్దన్నడు. చాట ముంగట వెట్టుకొని బీడీలు జేసుకో అన్నడు."

ఆ పిల్ల ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ రోజు నేను మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను.

నేను నోరు మూసుకుని కూర్చుంటే ఆ పిల్ల ఊరుకోలేదు. కామారెడ్డిలో ఒక కుర్రాడున్నాడు, మన యాసలో నవ్వించే వీడియోలు పెడతాడు. మూడు లక్షల పైచిలుకు ఫాలోవర్లు. అతనికి ఫోన్‌లో సంగతంతా రాసింది. అతను మర్నాడే మా బస్సెక్కాడు. సినిమా హీరోలా ఉంటాడనుకున్నాను, సన్నగా, కొంచెం సిగ్గుగా ఉన్నాడు. టికెట్ డబ్బులిచ్చి మరీ ఎక్కాడు. దారి, గుంతలు, మూటలు, పుస్తకాల సంచితో పిల్ల, అన్నీ తీశాడు.

"గీ బస్సు పోతె గీ చెల్లె సదువు పోతది. మీరు ఊకుంటరా?" అని వీడియో చివర్లో అడిగాడు.

జనం ఊకోలేదు. చూసినవాళ్లు లక్షల్లో ఉన్నారన్నారు. దుబాయి నుంచి, కరీంనగర్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో రాశారు. డిపో ఫోన్ రెండు రోజులు మోగుతూనే ఉంది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ లక్షల మంది వెనక నా తప్పు దాక్కుంటుందని ఆశపడ్డాను. డ్యూటీ దిగాక డ్రైవర్ ఫోన్ అడిగి మరీ ఎంతమంది చూశారో లెక్క చూసుకునేవాణ్ని. ప్రయాణికులను లెక్కపెట్టనివాణ్ని ఫాలోవర్లను లెక్కపెట్టాను.

మేనేజర్ మళ్లీ పిలిచాడు. ఆ కుర్రాడూ, ఆ పిల్లా కూడా వచ్చారు.

"నాకు పంతం లేదు" అన్నాడు మేనేజర్. "లైకులు మిషన్‌లో ఎక్కవు. వచ్చే సోమవారం నేనే బస్సెక్కుతాను. ఆ స్టేజీలో ఇరవై టికెట్లు తెగితే బస్సు ఉంటుంది. తెగకపోతే లేదు."

కుర్రాడు చిటికె వేసినంత తేలిగ్గా ఒప్పుకున్నాడు. సోమవారానికి ముందు ఒకసారి చూసుకుందామని, శుక్రవారం అందరూ ఆ ఊరికి వచ్చి బస్సెక్కండని వీడియో పెట్టాడు. వస్తున్నం అన్నా అని వేల మంది రాశారు. తోపులాట అవుతుందేమోనని మా డ్రైవర్ భయపడ్డాడు.

శుక్రవారం ఇద్దరు వచ్చారు. మోటారు సైకిల్ మీద వచ్చారు. కుర్రాడితో ఫొటో దిగి, బస్సుతో ఫొటో దిగి, అదే మోటారు సైకిల్ మీద పోయారు.

ఎల్లారెడ్డి బస్టాండులో జనమంతా దిగిపోయాక అతను బస్సు మెట్ల మీద కూలబడ్డాడు. ఫోన్ నాకు చూపించాడు.

"నాలుగు వేల మంది వస్తమన్నరు కాకా. గింతమందిల పది మంది గూడ రారా? మరి ఇన్నేండ్లు నేను ఎవలకు చెప్తున్న?"

అతని మొహం చూస్తే ఇక దాచబుద్ధి కాలేదు. పక్కన మెట్టు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. బస్సు ఖాళీ కాదనీ, ఇరవై ఏం ఖర్మ, రోజూ పాతిక మంది ఎక్కుతారనీ, టికెట్లు కొట్టనిది నేననీ, కొట్టించుకోనిది వాళ్లనీ, ఎందుకో కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. అతను వేరే అడిగాడు.

"అంటే ఒక్క ముసలమ్మ ఒక్కసారి వద్దన్నదని ఊరంత కార్డులు తీస్తలేరా?"

"ఒక్కసారే అన్నది."

"ఆమెకు ఫోన్ ఉన్నదా?"

"లేదు."

అతను ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు.

ఆ మధ్యాహ్నమే అవ్వ దగ్గరికి పోయాం. అతను ఫోన్‌లో పెద్ద ఆఫీసరు మాట్లాడిన వీడియో ఒకటి వెతికి చూపించాడు. జీరో టికెట్‌కూ పింఛన్‌కూ సంబంధం లేదని ఆయన వివరంగా చెబుతున్నాడు. అవ్వ చివరిదాకా విన్నది. చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి.

"మంచిగ చెప్పిండు. రేపు నా పింఛన్ పోతె ఈయన ఇంటికి తెచ్చిస్తడా?" అని అడిగింది.

ఇద్దరం లేచాం. ఆమెను మొండిది అనుకోకండి. భర్త పోయాక ఆ పింఛన్‌తోనే ఆమె ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతుకుతున్నది. నా మాట మీదా, ముక్కూ మొహం తెలియని ఆఫీసరు మాట మీదా దాన్ని పణంగా పెట్టమంటే ఎందుకు పెడుతుంది?

దారిలో నాకు మా అక్క గుర్తొచ్చింది. దోమకొండలో ఉంటుంది. చిన్నప్పటి నుంచి బీడీలే చుట్టింది, ఆమెకూ అదే పింఛన్ వస్తున్నది. ఉచిత బస్సు మొదలైన నాటి నుంచి వారం వారం కామారెడ్డి వస్తుంది, ప్రతిసారీ జీరో టికెట్ తీసుకుంటుంది. కాగితం పారేయడం ఆమెకు చేతకాదు. ఆ టికెట్లన్నీ బీడీ దారంతో కట్టలు కట్టి పెట్టెలో దాచింది. ఎందుకే అని ఎన్నోసార్లు వెక్కిరించాను. శనివారం పోయి కాళ్లా వేళ్లా పడ్డాను. ఆదివారం తీసుకొచ్చాను.

అవ్వ ఇంటి అరుగు మీద ఊరి ఆడవాళ్లు ఏడెనిమిది మంది చాటలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. మా అక్క ఎవరికీ నచ్చజెప్పలేదు. ఒక చాట అడిగి తీసుకుని, కత్తెర పట్టుకుని, ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఆకు ఈసారి ఎంత చెడ్డగా వచ్చిందో, కార్ఖానాలో మంచి బీడీలను కూడా ఎట్లా తీసి పక్కన పడేస్తున్నారో, వీపు నొప్పికి ఏం రాసుకోవాలో మాట్లాడుకున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, నన్నెవరూ పట్టించుకోలేదు. ఒక కట్ట బీడీలు పూర్తయ్యాక అక్క సంచిలోంచి టికెట్ల కట్టలు తీసి అవ్వ చాటలో పెట్టింది.

"గివన్ని నేను తిరిగిన టికెట్లే అక్కా. కార్డు చూపెట్టకుంట ఒక్కనాడు ఎక్కలే. పింఛన్ ఒక్క నెల ఆగలే."

అవ్వ టికెట్లు ముట్టుకోలేదు. మా అక్క కుడి చెయ్యి పట్టుకుని తిప్పి, బొటనవేలి గోరు చూసింది. ఆకు అంచు మడిచీ మడిచీ అరిగిన గోరు. తన గోరు పక్కన పెట్టి చూసుకుంది.

"ఎన్నేండ్ల సంది?" అని అడిగింది.

"ఎనిమిదేండ్లప్పటి సంది."

"నేను గూడ గప్పటిసంది" అన్నది అవ్వ. రేపు టికెట్ తీసుకుంటాననీ చెప్పలేదు, తీసుకోననీ చెప్పలేదు. నేను అడగబోతే మా అక్క కళ్లతోనే గద్దించింది.

సోమవారం మేనేజర్ కామారెడ్డిలోనే ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. ఆ ఊరు చేరేసరికి కుర్రాడు ఫోన్ పట్టుకుని స్టేజీ దగ్గర నిలబడి ఉన్నాడు, ఈసారి ఎవరినీ పిలవలేదు. మూటలతో ఆడవాళ్లు వరసగా ఎక్కారు. ఎవరి చేతిలోనూ కార్డు లేదు. ఇంటర్ పిల్ల ఒక్కతే కార్డు చూపించి టికెట్ తీసుకుంది. మిషన్‌లో ఒకటి. మేనేజర్ నా వైపు చూశాడు.

అవ్వ తన కిటికీ పక్క సీట్లో కూర్చుని, మూట కాళ్ల దగ్గర సర్దుకుని, తీరిగ్గా కొంగు ముడి విప్పింది. పాలిథిన్ కవర్లో చుట్టిన కార్డు తీసింది.

"కొట్టు బిడ్డా. నా టికెట్ నాకియ్యి."

కొట్టాను. ఆమె టికెట్ అందుకుని, మడిచి, కార్డుతో పాటు మళ్లీ ముడివేసుకుంది. అప్పుడు బస్సు నిండా కొంగులు విప్పుకున్నాయి. రవికల్లోంచి, సంచుల్లోంచి, బీడీ కట్టల మధ్యలోంచి కార్డులు వచ్చాయి. అందరూ తెచ్చుకున్నారు, ఆమె తీసేదాకా ఆగారు. పద్దెనిమిదో టికెట్ దగ్గర మిషన్‌లో కాగితం అయిపోయింది. కొత్త చుట్ట ఎక్కించడానికి రోజూ అరనిమిషం పట్టదు, ఆ రోజు రెండుసార్లు కింద పడేశాను. మా డ్రైవర్ ఇంజన్ ఆపి వెనక్కి వచ్చి, ఏమీ మాట్లాడకుండా చుట్ట ఎక్కించి పోయాడు. అతను మాట్లాడకుండా ఉండడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇరవై ఆరు టికెట్లు తెగాయి. మేనేజర్ మిషన్ తీసుకుని చూసి, మనుషుల్ని చూసి, మళ్లీ నన్ను చూశాడు.

"ఇన్నాళ్లూ వీళ్లంతా ఎక్కడున్నారు?"

ఇంక దాటవేయడానికి దారి లేదు. "ఇక్కడ్నే ఉన్నరు సార్, నేనే..." అని మొదలుపెట్టాను.

"ఆయన కొడ్తనన్నడు సారూ" అవ్వ అడ్డు వచ్చింది. "నేనే వద్దన్న. నన్ను జూసి వీళ్లు గూడ వద్దన్నరు. తప్పు నాది."

బస్సు మొత్తం వింటుండగా అన్నది. తన మాట మీద నడిచే ఊరి ముందు, తన మాట తప్పని చెప్పింది. నాకు మేనేజర్ గదిలో రెండు వాక్యాలు చెప్పడానికి ధైర్యం చాలలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

మేనేజర్ న్యాయంగానే చేశాడు. నాకు మెమో ఇచ్చాడు, నా సర్వీసులో మొదటిదీ చివరిదీ. ఇప్పటికీ ఇంట్లో భద్రంగా ఉంది, మా డ్రైవర్ దానికి ఫ్రేము కట్టించమంటాడు. కుర్రాడు అవ్వ టికెట్ తీసుకున్న వీడియో పెడితే చూసినవాళ్లు చాలా తక్కువ. ముసలామె టికెట్ తీసుకుంటే అందులో చూడటానికి ఏముంది? అయినా ఒకటి చెబుతాను. అతని మూడు లక్షల మంది ఒక్క టికెట్ కూడా కొనలేదన్నది నిజం. వాళ్లు లేకపోతే మేనేజర్ మా బస్సెక్కేవాడు కాదన్నదీ అంతే నిజం. అతను జనాన్ని తల తిప్పి చూసేలా చేయగలడు. లేచి కదిలేలా చేయడం వేరే పని. దానికి ఒకే అరుగు మీద ఏళ్ల తరబడి కూర్చోవాలి. అలా కూర్చున్న మనిషి మాట మంచికి ఎంత పనిచేస్తుందో, పొరపాటుకూ అంతే పనిచేస్తుందని ఆ బస్సులోనే నేర్చుకున్నాను.

ఆ రోజు ఎల్లారెడ్డిలో దిగేటప్పుడు మేనేజర్ అవ్వ పక్కన ఆగాడు. బస్సు ఉంటుందని చెప్పి, ఇంకేమన్నా కావాలా అని అడిగాడు. మర్యాద కోసం అడిగినట్టున్నాడు. అవ్వ మాత్రం ఆలోచించింది.

"పది నిమిషాలు ముందుగాల రావాలె సారూ. ఈ పిల్ల పోయేవరకే మొదటి క్లాసు సగం అయిపోతున్నదట. నేను జర తొందరగ తాళమేస్త తియ్."

వారం తిరక్కుండా కొత్త టైము కాగితం వచ్చింది. అది అమలైన మొదటి రోజు మేం ఊళ్లోకి వెళ్లేసరికి అందరూ రోడ్డు మీదే ఉన్నారు. ఎల్లారెడ్డిలో బస్సు ఆగగానే ఆ పిల్ల అందరికంటే ముందు దూకి, సంచి పట్టుకుని కాలేజీ వైపు పరుగెత్తింది. సగం దూరం పోయాక ఆగింది. చేతి గడియారం చూసుకుంది. చున్నీ సర్దుకుని, మెల్లగా నడుచుకుంటూ పోయింది.